మరతోనాకి పేరివ్వాలా వద్దా: డోలమైట్స్‌లో ఏడు ఎక్కుళ్లు, ఒక పిల్లి గోడ

ఇటలీలోని డోలమైట్స్ కొండల్లో జరిగే మరతోనా సైకిల్ పోటీలో పెద్దదారి 138 కిలోమీటర్లు, అంటే ఇంచుమించు హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్లినంత. వారం వారం సైకిల్ తొక్కేవాళ్లకి అదేమంత భయపెట్టే దూరం కాదు. ఆ అంకె చూసి పేరిచ్చినవాళ్లే దారిలో వచ్చే జావ్ కనుమ మధ్యలో సైకిల్ దిగి నడుస్తారు. చూడాల్సింది పక్కనున్న రెండో అంకె, 4,230 మీటర్లు. ఆ రోజు మొత్తం మీద అంత ఎత్తు ఎక్కాలి. మన లెక్కలో అలిపిరి నుంచి తిరుమలకి ఒకే పూటలో సుమారు ఆరుసార్లు.

ఇటలీ ఉత్తరాన ఆల్టా బాదియా లోయలో ఏటా జులై మొదట్లో, ఒక ఆదివారం నాడు జరిగే మరతోనా డ్లెస్ డోలమైట్స్ గురించే ఈ మాటలన్నీ. 1987లో మొదలైంది. అప్పుడు 166 మంది తొక్కారు, ఇప్పుడు వేలల్లో వస్తారు. పొద్దున ఆరున్నరకి లా విల్లాలో బయల్దేరి కొర్వారాలో ముగిస్తారు. కనుమదారులన్నీ ఆ పూట బళ్లకి మూసేస్తారు. డబ్బు, సెలవు, వీసా తిప్పలు ఇన్నీ పడటానికి అసలు కారణం అదే. కారు హారన్ వినపడకుండా పోర్దోయ్ లాంటి కనుమ ఎక్కే అవకాశం మామూలు రోజుల్లో దొరకదు.

దారులు మూడు. చిన్నది 55 కిలోమీటర్లు, 1,780 మీటర్ల ఎక్కుడు. మధ్యది 106, 3,130. పెద్దది 138, 4,230. ఏది తొక్కేదీ ముందే తేల్చుకోనక్కర్లేదు. దారిలో చీలిక దగ్గరికి వచ్చాక కాళ్లు చెప్పినట్టు తిరగొచ్చు. కాకపోతే పెద్దదారి చీలికకి గడువు ఉంటుంది. ఆలస్యంగా చేరితే నిర్ణయం మీ చేతిలో ఉండదు. ఆ ఏటి నియమాల్లో గడువు చూసుకుని, వెనక గుంపులో నిలబడితే బయల్దేరే గీత దాటడానికే అరగంట పోతుందని కలుపుకుని లెక్కేయండి.

లెక్క ఎలా వేయాలంటే: మీకు దగ్గర్లో ఉన్న ఏ గుట్టనైనా మూడు గంటలపాటు ఎక్కుతూ దిగుతూ ఉండండి. గంటకి ఎన్ని మీటర్లు ఎక్కుతున్నారో సైకిల్ మీటరులో చూడండి, దిగే సమయం తీసేయండి. మొదటి గంట 750 వచ్చి మూడో గంటకి 550కి పడితే మీ అంకె 550. చాలామంది 750 రాసుకుంటారు, అక్కడే లెక్క తప్పుతుంది. 700 నిలకడగా వస్తే 4,230కి ఆరు గంటలు, దిగుళ్లకీ చదును ముక్కలకీ రెండుంపావు, తిండి దగ్గర ఆగడానికి ముప్పావు. మొత్తం తొమ్మిది గంటలు. 550 అయితే పదిన్నర దాటుతుంది, గడువులో ఇమడటం కష్టం. అదే 550తో మధ్యదారి ఎనిమిది గంటల్లో హాయిగా అయిపోతుంది. మా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, మనవైపు నుంచి మొదటిసారి వెళ్లేవాళ్లలో ఎక్కువమందికి సరైనది మధ్యదారే. మధ్యదారిలో జావ్ రాదు, దాన్ని రెండు రోజుల తర్వాత విడిగా ఎక్కితే దాని అందం కూడా కనపడుతుంది.

జావ్ ఎందుకంత పేరుమోసిందో చెప్పాలి. సెల్వా ది కదోరె ఊరు దాటాక మొదలై 9.9 కిలోమీటర్లు, సగటు వాలు 9.3 శాతం, 29 హెయిర్‌పిన్ మలుపులు, పైన 2,236 మీటర్లు. సగటు అంటే కొంత మెత్తగా, కొంత నిట్టనిలువుగా ఉంటుందనుకుంటాం. ఇక్కడ మెత్తన లేదు, దాదాపు మొదట్నుంచి చివరిదాకా అదే వాలు. కింద అడవి నీడ ఉంటుంది. పైకి వెళ్లేకొద్దీ చెట్లు పలచబడి, రా గుసేలా అనే రాతి శిఖరం ఎదురుగా నిలబడి ఎంత తొక్కినా దగ్గరకి రానట్టు కనిపిస్తుంది. పైగా దీన్ని చేరేసరికి కాంపొలోంగో, పోర్దోయ్, సెల్లా, గార్దెనా, మళ్లీ కాంపొలోంగో అప్పటికే కాళ్లలో ఉంటాయి.

గేరు సంగతి ఇక్కడే తేలిపోతుంది. ముందు 34 పళ్లు, వెనక 34 పళ్లు ఉంటే పెడల్ ఒక చుట్టుకి చక్రం ఒక చుట్టు, అంటే 2.1 మీటర్లు. నిమిషానికి 60 చుట్లు తిప్పితే గంటకి ఏడున్నర కిలోమీటర్లు. మనిషి 75 కిలోలు, సైకిలూ నీళ్లూ బట్టలూ కలిపి ఇంకో పది అనుకుంటే ఆ వాలు మీద దీనికి 180 వాట్లు కావాలి. జావ్ గంటా ఇరవై నిమిషాలు. వెనక 28 పళ్లే ఉంటే, అదే 60 చుట్లకి దాదాపు 220 వాట్లు అడుగుతుంది. అంత బలం లేకపోతే చుట్లు 49కి పడతాయి, మోకాళ్లు పట్టేస్తాయి. సముద్రమట్టం దగ్గర బతికేవాళ్లకి 2,200 మీటర్ల ఎత్తులో కొంత బలం తగ్గుతుంది కూడా. 34 పళ్ల క్యాసెట్ (వెనక చక్రానికి ఉండే పళ్ల చక్రాల గుత్తి) వేసేముందు మీ వెనక డెరైలర్ (చైన్‌ని ఒక గేరు నుంచి ఇంకోదానికి జరిపే భాగం) అంత పెద్ద పళ్ల చక్రాన్ని ఒప్పుకుంటుందో లేదో చూడాలి. దాని కింద చైన్‌ని పట్టి ఉంచే కేజ్ పొట్టిదైతే డెరైలరూ మార్చాలి, చైన్ కూడా కొత్తగా కొలిచి వేయాలి. ఈ పని ప్రయాణానికి రెండు నెలల ముందే చేయించుకోండి, వారం ముందు కాదు.

మిగతా ఎక్కుళ్లు ఇంత మొండివి కావు. మొదటి కాంపొలోంగో 5.8 కిలోమీటర్లు, సగటు 6 శాతం. అక్కడ ఇబ్బంది వాలు కాదు, జనం. ఇంకా చెదరని గుంపంతా ఒక్కసారే ఎక్కుతుంది, మీ వేగం మీ చేతిలో ఉండదు. పక్కవాణ్ణి దాటబోయి బలం తగలేయకండి, అరబ్బా దాటాక దారి దానంతటదే ఖాళీ అవుతుంది. పోర్దోయ్ 9.2 కిలోమీటర్లు, 33 మలుపులు, దాదాపు 7 శాతం. పైన ఇటలీ సైక్లింగ్ దిగ్గజం ఫౌస్తో కొప్పీ స్మారకం ఉంటుంది. నిజం చెప్పాలంటే ఈ దారి మొత్తంలో తొక్కడానికి అన్నింటికన్నా సుఖమైనది ఇదే. సెల్లా పొట్టిది, గడుసుది. గార్దెనా మెత్తన. పెద్దదారిలో జావ్ దిగాక పోకోల్ నుంచి ఫల్సారెగో, అక్కడ కుడికి తిరిగితే వల్పరోలా కనుమ దాకా ఇంకో చిన్న ఎక్కుడు. అయిపోయిందనుకున్నాక వచ్చే ఆ కిలోమీటరు మరీ ఉసూరుమనిపిస్తుంది. చివర్లో, లా విల్లా దగ్గర మూర్ డల్ జాత్. ఈ లోయల్లో మాట్లాడే లదిన్ భాషలో పిల్లి గోడ అని అర్థం. 360 మీటర్లే, కానీ 19 శాతం దాకా వాలు. దాని మొదట్లోకి పెద్ద గేరుతో వెళ్లి, మధ్యలో గేరు దించబోతే చైన్ జారి పక్కకి ఒరిగిపోతారు. అడుగునే గేరు దించుకోండి.

ఎక్కడం గురించి అందరూ మాట్లాడతారు, దెబ్బలు తగిలేది దిగేటప్పుడు. ఎక్కిన 4,230 మీటర్లలో దాదాపు అంతా మళ్లీ దిగాలి. జులై అయినా తెల్లవారుజామున చలి గట్టిగానే ఉంటుంది, మధ్యాహ్నానికి ఉరుములతో వాన రావచ్చు. చెమటతో తడిసిన జెర్సీతో పోర్దోయ్ దిగితే వేళ్లు కొంకర్లు పోయి బ్రేకు నొక్కలేరు. జేబులో పట్టే గాలిచొక్కా, మణికట్టు నుంచి పైదాకా చేతిని కప్పే తొడుగులు, పూర్తి వేళ్ల గ్లౌజులు తప్పనిసరి. ప్రతి కనుమ పైనా ఆగి, దిగడం మొదలుపెట్టే ముందే వేసుకోండి, వణుకు పుట్టాక కాదు. డిస్క్ బ్రేకు ప్యాడ్లు కొత్తవి వేసుకుని రండి. రెసిన్ ప్యాడ్లు వానలో త్వరగా అరిగిపోతాయి. కార్బన్ రిమ్ బ్రేకులైతే గట్టిగా ఆలోచించండి, ఆగకుండా నొక్కిపట్టి దిగితే రిమ్ వేడెక్కుతుంది. మలుపుకి ముందు గట్టిగా నొక్కి, మలుపులో వదిలేయడమే పద్ధతి.

మనవాళ్లకి ప్రత్యేకంగా ఒక ప్రమాదం ఉంది. ఇండియాలో, ఇంగ్లండ్‌లో సాధారణంగా కుడి చేతి బ్రేకు ముందు చక్రానిది. ఇటలీ అద్దె సైకిల్లో ఎడమ చేతి బ్రేకు ముందు చక్రానిది కావచ్చు. అలవాటుకొద్దీ నొక్కితే ముందు చక్రం పట్టేసి తలకిందులవుతారు. అద్దె దుకాణంలో తీసుకునేటప్పుడే మార్చమని అడగండి. డిస్క్ బ్రేకు తీగ లోపల్నుంచి వెళ్లే సైకిళ్లలో మార్చడం పెద్ద పని కాబట్టి ముందుగా రాసి చెప్పాలి. అక్కడ కుడివైపు నడవాలి, దాటేవాళ్లు ఎడమ నుంచి వస్తారు. సైకిల్ అద్దెకే అయితే నెలల ముందు బుక్ చేసి, క్యాసెట్ ఎన్ని పళ్లదో కూడా కనుక్కోండి.

ఇక బస. నాలుగు ఊళ్లు పోల్చి చూడాలి. లా విల్లా 1,433 మీటర్ల ఎత్తున ఉంది, గీత దగ్గరే, పొద్దున ఇంకో పావుగంట పడుకోవచ్చు. కొర్వారా 1,568 మీటర్లు. ముగింపు, దుకాణాలు, సందడి అంతా ఇక్కడే, అందుకే రేట్లూ ఇక్కడే ఎక్కువ. పొద్దున చీకట్లో లా విల్లాకి దిగుడు, చలి కొరుకుతుంది, ఏదో పాత స్వెట్టరు వేసుకుని వెళ్లాలి. సాన్ కసియానో నిశ్శబ్దంగా ఉంటుంది, లా విల్లాకి దిగుడే. ఒకటే చిక్కు, పెద్దదారి చివర్లో మీ హోటల్ ముందునుంచే వెళ్లాలి, మనసు లాగుతుంది. బాదియా ఊరు లోయలో కాస్త కింద ఉంది, మిగతావాటికన్నా చవగ్గా దొరికే అవకాశం ఉంది. అరబ్బాలో గది చవగ్గా దొరికిందని తీసుకోకండి. ఆ రోజు దారులు మూసేస్తారు, కాంపొలోంగో ఎక్కి దిగి బయల్దేరే చోటికి రావాలి.

ఇంకో మాట. ఆల్టా బాదియా ఇటలీలోని సౌత్ టిరోల్ ప్రాంతం కిందకి వస్తుంది. ఇక్కడ చాలా హోటళ్లలో ఉన్నన్నాళ్లకీ బస్సులు, లోకల్ రైళ్లు ఉచితంగా ఎక్కే గెస్ట్ పాస్ ఇస్తారు. అరబ్బా వెనెతో ప్రాంతంలోది, అక్కడ ఆ పాస్ రాదు. బస్సు బోర్డుల మీద ఊరి పేర్లు మూడు భాషల్లో ఉంటాయి. లా విల్లాకే స్టెర్న్, లా ఇలా అని ఇంకో రెండు పేర్లున్నాయి. తెలియక దాటిపోయేవాళ్లు ఉంటారు.

ఆ వారం ఒక్క రాత్రికి గది ఇచ్చే హోటల్ అరుదు, నాలుగైదు రాత్రుల నుంచి వారం దాకా అడుగుతారు. హాఫ్‌బోర్డ్ అంటే పొద్దున టిఫిన్, రాత్రి భోజనం. గార్నీ అంటే టిఫిన్ వరకే. రెసిడెన్స్ అని రాసుంటే వంటగది ఉన్న అపార్ట్‌మెంట్. అన్నం లేనిదే కుదరదనేవాళ్లకి రెసిడెన్సే మేలు. ఈ ఎత్తులో నీళ్లు 95 డిగ్రీలకే మరుగుతాయి, గిన్నెలో అన్నం, పప్పు ఆలస్యంగా ఉడుకుతాయి, కాబట్టి చిన్న ప్రెషర్ కుక్కర్ పట్టుకెళ్తే పని సులువు. శాకాహారులకి పాలకూర, చీజ్ వేసి చేసే కనెదెర్లీ ఉండలు దొరుకుతాయి. అయితే కొన్నింట్లో స్పెక్ అనే పంది మాంసం ముక్కలు వేస్తారు, అడిగి తినండి. పోటీ రోజు టిఫిన్ ఎన్నింటికి పెడతారో గది తీసుకునేటప్పుడే అడగాలి. నాలుగున్నరకి పెట్టని చోట ఉంటే ముందురోజు రాత్రే పెరుగన్నం చేసి పెట్టుకోవడమే. కనుమల దగ్గర పళ్లు, బ్రెడ్డు, కేకు, కోలా లాంటివి పెడతారు. ఆకలి వేసేదాకా ఆగకుండా గంటకి ఒక అరటిపండూ ఒక బార్ లెక్కన మొదటి ఎక్కుడు నుంచే తినాలి.

పేరివ్వడం శరత్కాలంలో, ఎంపిక లాటరీలో. లాటరీ తగలకపోతే టూర్ ఆపరేటర్ల దగ్గర గదితో కలిపి చోటు దొరుకుతుంది, ఖరీదు ఎక్కువ. ఇటలీ పోటీలకి డాక్టర్ సర్టిఫికెట్ అడుగుతారు. నియమాల్లో ఇచ్చిన ఫారం తీసుకెళ్లి దాని మీదే సంతకం చేయించండి, మామూలు ఫిట్‌నెస్ చీటీ పట్టుకెళ్తే నంబరు ఇచ్చే బల్ల దగ్గర వాదనలే మిగులుతాయి. ఇండియా నుంచి వెళ్లేవాళ్లు షెంజెన్ వీసాకి ఆరు నెలల ముందు నుంచి అర్జీ పెట్టుకోవచ్చు. జులైకి వెళ్లాలంటే జనవరిలోనే కదలండి. వీసాకి 30,000 యూరోల బీమా చాలు గానీ, చాలా పాలసీలు పోటీల్లో తగిలిన దెబ్బలకి డబ్బివ్వవు. ఆ క్లాజు చదివి కొనండి. మ్యూనిక్‌లో ఉండే మనవాళ్లకి కారులో నాలుగు గంటలు. రైల్లో అయితే ఫోర్తెత్సా దగ్గర మారి బ్రూనికో, అక్కడి నుంచి బస్సు. సైకిల్‌కి రైల్లో విడిగా రిజర్వేషన్ ఉండాలి. విమానంలో తెచ్చేవాళ్లు డెరైలర్ విప్పి ఫ్రేము లోపలికి కట్టి, డెరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ ఒకటి స్పేర్‌గా జేబులో వేసుకోండి. పెట్టె కిందపడితే ముందు వంగేది అదే, మీ మోడల్‌ది ఆ లోయలో దొరుకుతుందన్న హామీ లేదు.

సాధనకి విశాఖవాళ్లు అదృష్టవంతులు. శృంగవరపుకోట నుంచి అనంతగిరి ఘాట్ మీదుగా గాలికొండ వైపు ఎక్కితే వెయ్యి మీటర్ల పైనే. వాలు జావ్ అంత ఉండదు, కానీ రెండు మూడు గంటలు ఆపకుండా ఎక్కడం ఒంటికి అలవాటవుతుంది. హైదరాబాద్‌లో అంతటి ఎక్కుడు లేదు. వికారాబాద్ అనంతగిరి ఘాట్ పొట్టిది, పదిసార్లు ఎక్కి దిగాలి, లేదంటే ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ని బిగించి కదలకుండా తొక్కే పరికరం) మీద గంటంబావు చొప్పున 60, 65 చుట్లతో తొక్కాలి. మలుపుల్లో దిగడం మాత్రం ట్రైనర్ నేర్పదు.

ఇదంతా చదివి వెనకాడుతున్నవాళ్లకి ఇంకో దారి ఉంది. జూన్‌లో సెల్లారోండా బైక్ డే పేరుతో కాంపొలోంగో, పోర్దోయ్, సెల్లా, గార్దెనా కనుమలు ఒక పూట బళ్లకి మూసేస్తారు. లాటరీ లేదు, ఫీజు లేదు, గడువుల బెంగ లేదు, వచ్చి తొక్కడమే. మరతోనా చిన్నదారిలో ఎక్కేవి కూడా ఇవే నాలుగు కనుమలు. ఈ-బైకుల మీద వచ్చేవాళ్లు బోలెడంతమంది ఉంటారు, కుటుంబాలూ వస్తాయి, కాబట్టి దిగేటప్పుడు నెమ్మది. మరతోనా చిన్నదారి కోసమే లాటరీలో నిలబడదామనుకుంటే ఆ డబ్బుతో జూన్‌లో ఇంకో రెండు రాత్రులు ఉండి, సెల్లారోండా ఒక రోజు, జావ్ ఒక రోజు తొక్కి రావచ్చు. జావ్ ఎక్కేరోజు బళ్లు తిరుగుతుంటాయి కాబట్టి, మోటార్‌సైకిళ్లు లేవకముందే ఏడింటికల్లా సెల్వా ది కదోరె దాటేయండి.