వంటింటి బల్ల మీద మైక్రోస్కోప్: ఏడేళ్ళ వాడకం తర్వాత

ఏడేళ్ళ కిందట ఒక మైక్రోస్కోప్ కొన్నాను. రెండు కళ్ళతో చూసే మామూలు స్టూడెంట్ రకం. స్లైడు వైపు ఉండే లెన్సులు, అంటే 4, 10, 40, 100 రెట్ల ఆబ్జెక్టివ్‌లు నాలుగు, కన్ను ఆనించే పది రెట్ల ఐపీస్‌లు, కింద ఎల్‌ఈడీ లైటు, మరలు తిప్పి స్లైడును జరుపుకునే స్టేజ్. కంపెనీ పేరు రాయడం లేదు. ఒకే అచ్చులో పోసినట్టుండే ఈ రకం మైక్రోస్కోప్‌లు రకరకాల పేర్లతో అమ్ముతారు. కాబట్టి పేరుకన్నా అది దేనికి పనికొచ్చింది, ఎక్కడ ఇబ్బంది పెట్టింది అన్నదే కొనాలనుకునేవాళ్ళకు ఉపయోగం.

నా ఉద్యోగం ల్యాబ్‌లో. పగలంతా కణాల కల్చర్లు చూసుకుంటాను, ఇంటికొచ్చాక బ్రెడ్ చేస్తాను. మైక్రోస్కోప్ కొన్నప్పుడు మాత్రం ఈ రెండూ మనసులో లేవు, చెరువు నీళ్ళు చూద్దామని కొన్నాను. మొదటి నెలంతా నాచు పిండిన నీటి చుక్కల్లో రోటిఫర్లు, పారమీసియాలు అనే కంటికి కనిపించని చిన్న జీవులను చూస్తూ అర్ధరాత్రిళ్ళు గడిచిపోయాయి. ఆ తర్వాత అది అట్టపెట్టెలోకి, అక్కణ్ణుంచి అటక మీదికి వెళ్ళింది. దాన్ని మళ్ళీ కిందికి దింపించింది సోర్‌డో స్టార్టర్.

స్టార్టర్ అంటే గోధుమ పిండి, నీళ్ళు సమానంగా కలిపి, రోజూ కొంత తీసేసి కొత్త పిండీ నీళ్ళూ వేస్తూ పెంచే పులిసిన ముద్ద. ప్యాకెట్ ఈస్ట్ అక్కర్లేకుండా బ్రెడ్‌ను పొంగించేది అదే. నాకు రెండుసార్లు ఒకేలా జరిగింది. రెండో రోజుకి సీసాలో పిండి రెట్టింపయ్యేది. నేను సంబరపడేలోపే నాలుగో రోజుకి చప్పబడిపోయేది. ఒక్క బుడగ ఉండదు, పైన నీళ్ళు తేలతాయి, వాసన కూడా బాగుండదు. చచ్చిపోయిందనుకుని రెండుసార్లూ పారబోశాను. మూడోసారి రెండో రోజు, ఇంకా పొంగు మీద ఉండగానే, ఒక స్లైడు వేశాను.

ఈస్ట్ కోసం ఎంత వెతికినా దాదాపు కనిపించలేదు. స్టార్చ్ రేణువుల మధ్య ఎటు చూసినా బాక్టీరియానే. సన్నటి కడ్డీలు, జంటలు జంటలుగా గుండ్రటి చుక్కలు. అంటే సీసాలో ఆ పొంగు ఈస్ట్ పని కాదు. పిండితోపాటు వచ్చే బాక్టీరియాలో గ్యాస్ వదిలే రకాలు కొన్ని ఉంటాయి. పిండి తడవగానే ముందు చెలరేగేవి అవే. ఈలోగా ముద్దలో ఆమ్లం పెరుగుతుంది, ఆ పులుపు తట్టుకోలేక అవే వెనకబడతాయి. పులుపులో బతకగల లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా, ఈస్ట్ మెల్లగా చోటు చేసుకుంటాయి. నాలుగో రోజు సీసా చప్పబడటం ఈ చేతులు మారే సమయం. ఈ సంగతి అంతకుముందు చదివే ఉన్నాను, కానీ తలకెక్కలేదు. కంటితో చూశాక పారబోయడానికి చెయ్యి రాలేదు. రోజుకో స్లైడు వేస్తూ పోయాను. ఐదో రోజు ఈస్ట్ అక్కడొకటి ఇక్కడొకటి కనిపించింది. ఏడో రోజు గుంపులు. తొమ్మిదో రోజు చూస్తే కోడిగుడ్డు ఆకారపు కణాలు, చాలావాటికి పక్కన చిన్న మొగ్గ. బడిలో కోరకీభవనం అని బట్టీ పట్టిన మాట నా వంటింట్లో, నేను కలిపిన పిండిలో జరుగుతోంది! నిద్రపోతున్న ఇంట్లోవాళ్ళని లేపి మరీ చూపించాను. ఆ స్టార్టరే ఇప్పటికీ నడుస్తోంది, మైక్రోస్కోప్ మళ్ళీ అటకెక్కలేదు.

స్లైడు వేయడం తేలికే. మొదట్లో అందరూ చేసే పొరపాటు ఎక్కువ వేయడం. టూత్‌పిక్ కొనకి అంటినంత చాలు. దాన్ని ఒక నీటి చుక్కలో కలిపి, పైన కప్పే పలచటి గాజు ముక్క, అంటే కవర్ స్లిప్, అంచు ముందు ఆనించి మెల్లగా వాల్చాలి, లేకపోతే కింద గాలి బుడగలు చిక్కుకుంటాయి. ఇంత చేసినా ముందు కంటికి కనిపించేది స్టార్చే. గోధుమ స్టార్చ్‌లో రెండు సైజులుంటాయి. పప్పుగింజలా చదునుగా 20 నుంచి 30 మైక్రాన్లుండేవి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఒకరకం, 10 మైక్రాన్లలోపు ఉండే గుండ్రటివి ఇంకోరకం. చిక్కంతా ఈ చిన్నవాటితోనే, ఎందుకంటే ఈస్ట్ కణం కూడా 5 నుంచి 10 మైక్రాన్లే. స్టార్టర్ చూడటం మొదలుపెట్టిన మొదటి నెల నేను ఈస్ట్ అని లెక్కపెట్టినవాటిలో ఎన్ని స్టార్చో!

దీనికి రెండు ఉపాయాలు దొరికాయి. ఒకటి అందరికీ తెలిసిన అయోడిన్. పలచటి అయోడిన్ చుక్క కవర్ స్లిప్ అంచున వేసి, ఎదుటి అంచున కాగితం ముక్కతో నీటిని పీల్చితే రంగు లోపలికి పాకుతుంది. స్టార్చ్ ముదురు నీలం అయిపోతుంది, ఈస్ట్ పసుపు, గోధుమ రంగుల మధ్యలో ఆగిపోతుంది. రెండోది నాకు మరీ ఇష్టం. విరిగిపోయిన పోలరాయిడ్ చలవ కళ్ళద్దాల్లోంచి రెండు అద్దాలూ ఊడదీశాను. ఒకటి కింద లైటు మీద పెట్టి, ఇంకొకటి ఐపీస్ మీద పట్టుకుని మెల్లగా తిప్పాను. ఒక కోణం దగ్గర తెరంతా నల్లబడింది. ఆ చీకట్లో స్టార్చ్ రేణువులు ఒక్కొక్కటే వెలిగాయి, ప్రతి రేణువు మీదా నల్లటి శిలువ గుర్తు. లోపల అణువులు కేంద్రం చుట్టూ వరసగా పేర్చి ఉండటం వల్ల కాంతి అలా విడిపోతుంది. ఈస్ట్‌లో ఆ అమరిక లేదు కాబట్టి అది చీకట్లో కలిసిపోతుంది. అదే పిండిని కాస్త నీటిలో ఉడికించి చూస్తే శిలువలన్నీ మాయం. గోధుమ స్టార్చ్ 60 డిగ్రీల దగ్గర నీళ్ళు పీల్చుకుని ఉబ్బి, ఆ వరస చెదిరిపోతుంది. ఓవెన్‌లో బ్రెడ్ లోపలి భాగం గట్టిపడటం వెనక ఉన్నది కూడా చాలావరకు ఇదే. బేకింగ్ గురించి ఏళ్ళ తరబడి చదివిన దానికన్నా ఆ రెండు స్లైడులే ఎక్కువ నేర్పాయి.

తొలినాళ్ళ మైక్రోస్కోప్‌లు చేసిన డచ్చి దేశస్థుడు లేవెన్‌హుక్ 1680లోనే బీరులోని ఈస్ట్‌ను చూశాడు, కానీ వాటికి ప్రాణం ఉందని అనుకోలేదు. ఈస్ట్ జీవి అని కాన్యార్ద్ లాతూర్, ష్వాన్ అనే శాస్త్రవేత్తలు చెప్పేసరికి 1837 ప్రాంతం వచ్చింది. ఇది చదివినప్పుడు ఒకటిన్నర శతాబ్దం ఎందుకు పట్టిందా అనిపించేది. చిన్న స్టార్చ్ రేణువునీ ఈస్ట్ కణాన్నీ పక్కపక్కన చూశాక ఆ ఆశ్చర్యం పోయింది. మొగ్గ తొడగడం కంటపడకపోతే అవి రెండూ గుండ్రటి గింజలే.

ఇప్పుడు నేను వారం వారం చేసే పరీక్ష మిథిలీన్ బ్లూతో. పలచటి నీలం ద్రావణంలో స్టార్టర్‌ను కలిపి ఐదు నిమిషాలాగి చూస్తాను. బతికున్న ఈస్ట్ కణం లోపలికి వచ్చిన రంగును రసాయనికంగా మార్చేసి తేటగా ఉంటుంది. చచ్చిన కణం నీలంగా మిగిలిపోతుంది. పిండి వేసిన ఆరు గంటలకు చూస్తే నీలం కణాల కోసం వెతుక్కోవాలి. మూడు వారాలు ఫ్రిజ్‌లో మర్చిపోయిన సీసాలోంచి తీస్తే సగం దాకా నీలమే. అలా కనిపించిన రోజున దాన్ని నేరుగా బ్రెడ్‌లో వాడను. రెండుసార్లు కొత్త పిండి పెట్టి, మళ్ళీ మొగ్గలు కనిపించాకే వాడతాను. పైకి చూస్తే రెండు సీసాలూ ఒకేలా ఉంటాయి.

నూరు రెట్ల ఆబ్జెక్టివ్ కింద బాక్టీరియా చూసినప్పుడు ఒక సంగతి నన్ను చాలాకాలం తికమకపెట్టింది. కడ్డీలన్నీ వణుకుతూ కనిపిస్తాయి, ఈదుతున్నాయనే అనుకున్నాను. కాసేపు ఒక్కదాన్నే పట్టుకుని చూస్తే తెలిసింది, అది ఎటూ పోవడం లేదు, ఉన్నచోటే కదులుతోంది. పక్కనున్న స్టార్చ్ తునక కూడా అలాగే వణుకుతోంది. నీటి అణువులు అన్నివైపుల నుంచీ గుద్దుతుంటే వచ్చే కదలిక అది. 1827లో రాబర్ట్ బ్రౌన్ పుప్పొడి లోపలి రేణువుల్లో గమనించింది ఇదే. నిజంగా ఈదేదైతే ఒక దిక్కు పట్టుకుని తెర దాటి వెళ్ళిపోతుంది. ల్యాబ్‌లో ఇన్నేళ్ళు పనిచేసినా ఈ తేడా నిదానంగా కూర్చుని చూసింది ఇంట్లోనే. అక్కడ ఇంకా మంచి మైక్రోస్కోప్‌లున్నాయి, కానీ అక్కడ పనికి కావాల్సింది చూసి లేచిపోవాలి.

ఇక లెన్సుల మాట. నేను వాడే సమయంలో ముప్పాతిక వంతు 40 ఆబ్జెక్టివ్ మీదే. 100ది స్లైడుకీ లెన్సుకీ మధ్య ఆయిల్ చుక్క వేసి వాడాలి, బాక్టీరియాకి తప్ప అక్కర్లేదు. అట్టపెట్టెల మీద 2000 రెట్లు అని పెద్దక్షరాలతో రాస్తారు. దాన్ని చూసి కొనొద్దని గట్టిగా చెబుతాను. ఎంత చిన్న వివరం విడివిడిగా కనిపిస్తుందో తేల్చేది ఆబ్జెక్టివ్ మీద రాసి ఉండే రెండో అంకె, న్యూమరికల్ అపర్చర్. కాంతికి ఉన్న ఈ హద్దును 1873లో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త అబ్బే వివరించాడు. నా 40 మీద 0.65 అని ఉంది, అంటే దాదాపు అర మైక్రాన్ వరకు విడదీస్తుంది. 100 మీద ఉన్నది 1.25, ఆయిల్‌తో పావు మైక్రాన్‌కి కాస్త అటూ ఇటూ. ఆ పైన ఐపీస్ మార్చి ఎన్ని రెట్లు చేసినా మసకే పెద్దదవుతుంది. రెట్ల అంకెకన్నా నాకు ఎక్కువ పనికొచ్చింది స్టేజ్ కింద కాంతిని కూడగట్టే కండెన్సర్‌కి ఉండే ఐరిస్ మీట, అంటే కాంతి వచ్చే రంధ్రాన్ని చిన్నదీ పెద్దదీ చేసే మీట. ఈస్ట్ దాదాపు గాజులా ఉంటుంది. లైటు పూర్తిగా తెరిచి చూస్తే ఏమీ కనపడదు. మీటను కొద్దికొద్దిగా మూస్తూ వస్తే ఒకచోట కణం అంచు గీత గీసినట్టు పైకి తేలుతుంది, లోపల ద్రవంతో నిండిన గుండ్రటి సంచిలాంటి రిక్తిక కూడా కనిపిస్తుంది. ఇంకా మూస్తే అంచుల చుట్టూ వలయాలొచ్చి బొమ్మ చెడుతుంది. కొత్తగా కొన్నవాళ్ళు ముందు ఈ మీట మీద చెయ్యి కుదుర్చుకోవాలి.

ఇబ్బందులూ చెప్పాలి. రెండో ఏడు 100 నుంచి వెనక్కి తిప్పేటప్పుడు 40 ఆబ్జెక్టివ్ కొన ఆయిల్‌లో రాసుకుంది. గమనించలేదు. పది రోజులు అన్నీ పొగమంచులో ఉన్నట్టు కనిపిస్తే లెన్సు పోయిందని ఒకటే టెన్షన్. లెన్స్ పేపర్‌కి చుక్క ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది మెల్లగా తుడిస్తే, రెండు రోజుల్లో మూడు విడతలకి తేటపడింది. అప్పట్నుంచి ఆయిల్ వేశాక 40 వైపు తిప్పను, అటునుంచి 4 వైపే తిప్పుతాను. మూడో ఏడు స్టేజ్ దానంతటదే కిందికి జారడం మొదలైంది. ఫోకస్ పెట్టి కాగితం మీద గీసుకునేలోపు బొమ్మ పోయేది. అమ్మినవాళ్ళకి రెండుసార్లు రాశాను, జవాబు లేదు. చివరికి తేలిందేమిటంటే పెద్ద ఫోకస్ మర పక్కన బిగుతు సరిచేసే వలయం ఒకటి ఉంటుంది, దాన్ని పావు చుట్టు బిగిస్తే చాలు. ఆ ఒక్క మాట మాన్యువల్‌లో రాసి ఉంటే నాలుగు నెలలు మిగిలేవి.

వంటిల్లు మైక్రోస్కోప్‌కి మంచి చోటు కాదు, ఇది ఒప్పుకోవాలి. ఎగిరిన పిండి ఐపీస్ అంచుల్లో చేరుతుంది, తేమకి లెన్సుల మీద బూజు పట్టే ప్రమాదం ఉంది. వాడనప్పుడు కవరు కప్పి, లోపల సిలికా జెల్ సంచి పెడతాను, నెలకోసారి దాన్ని ఆరబెడతాను. అయినా బల్ల మీదే ఉంచుతాను. పెట్టెలో ఉన్న ఏడాదిలో నేను వేసిన స్లైడులు సున్నా.

ఇంకో నియమం ఉంది, అందులో మినహాయింపు లేదు. ల్యాబ్‌లోది ఏదీ ఇంటికి రాదు. రంగులు, డ్రాపర్లు, స్లైడులకు వేరే ట్రే ఉంది, వంట గిన్నెలు దాని దరిదాపులకు రావు. సముద్రపు నాచు నుంచి తీసే జెల్లీ పదార్థం అగర్ పోసి తెలియని సూక్ష్మజీవులను ఇంట్లో పెంచను కూడా. అగర్‌ను జెల్లీకి మాత్రం వాడతాను. వాడినప్పుడల్లా ఫానీ హెస్సె గుర్తొస్తుంది. 1881లో, జెలటిన్ వెచ్చదనానికి కరిగిపోయి భర్త పెంచే బాక్టీరియా కల్చర్లు పాడవుతుంటే, తను వంటింట్లో వాడే అగర్‌ను సూచించింది ఆవిడే. అది బాక్టీరియా శాస్త్రవేత్త రాబర్ట్ కోచ్ ల్యాబ్‌కు చేరింది, ఇప్పుడు నేను రోజూ పట్టుకునే ప్లేట్లలో ఉన్నదీ అదే. ఒకసారి గట్టిపడితే 85 డిగ్రీల దాకా కరగదు, పనికొచ్చింది ఆ గుణమే.

దీనివల్ల బ్రెడ్ బాగుపడిందా అంటే, నిజాయితీగా చెప్పాలంటే కొంచెమే. బ్రెడ్‌ను బాగుచేసింది గ్రాముల త్రాసు, థర్మామీటరు. పిండి ఎంతసేపు పులియాలి, పిండికి సాగే గుణం ఇచ్చే గ్లూటెన్ ఎంత బిగిసింది అన్నవి మైక్రోస్కోప్ చెప్పదు. ఆకారం చూసి బాక్టీరియా జాతి కూడా చెప్పలేం. సోర్‌డోలో కొన్ని ఈస్ట్‌లు మాల్టోజ్ జోలికి పోవు, ఆ చక్కెరను పక్కనున్న లాక్టిక్ బాక్టీరియా తీసుకుంటుంది. ఇద్దరికీ పోటీ లేకుండా ఒకే పిండిలో బతుకుతాయి. అంత అందమైన పొత్తు లెన్సులో కనిపించదు, చదివి తెలుసుకోవాల్సిందే. కానీ అది చదివాక అదే స్లైడును మళ్ళీ చూడటంలో సంతోషం వేరు.

జీవశాస్త్రం ఇష్టపడి, చేత్తో ఏదో ఒకటి పులియబెట్టే అలవాటున్నవాళ్ళకు ఇది తప్పకుండా కొనమంటాను. వాడిన మైక్రోస్కోప్ కొంటున్నట్టయితే ఒక ఉల్లిపొర వెంట తీసుకెళ్ళండి. 40 ఆబ్జెక్టివ్ కింద కణం గోడ, కేంద్రకం తేటగా కనిపించాలి. ఫోకస్ పెట్టి చేతులు తీసేసి ఐదు నిమిషాలాగండి, బొమ్మ జారకూడదు. తర్వాత ఐపీస్ ఊడదీసి కిటికీ వైపు పట్టి చూడండి, లోపల సాలీడు గూడులాంటి సన్నటి పోగులు కనిపిస్తే అది బూజు, వదిలేసి రండి.