వైపు చివరి పాట చెదరకుండా: మైక్రోలైన్ ముల్లు, చాలాకాలం వాడాక

లెడ్ జెప్లిన్ నాలుగో ఆల్బమ్‌లో 'స్టెయిర్‌వే టు హెవెన్' మొదటి వైపు ఆఖరి పాట. మెల్లగా మొదలై, గిటార్ సోలో దాటి, రాబర్ట్ ప్లాంట్ గొంతెత్తే వేళకు ముల్లు లేబుల్ దగ్గరికి వచ్చేసి ఉంటుంది. పింక్ ఫ్లాయిడ్ 1973 నాటి 'ది డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' మొదటి వైపు ఆఖర్న క్లేర్ టోరీ గొంతు. ద హూ బృందం 1971 నాటి 'హూస్ నెక్స్ట్' ముగిసేది 'వోంట్ గెట్ ఫూల్డ్ అగైన్'తో. క్లాసిక్ రాక్ వాళ్లకు పతాక ఘట్టాన్ని వైపు చివర పెట్టడం అలవాటు. ఎల్పీకి (33⅓ చుట్ల వినైల్ రికార్డుకు) అదే అన్నిటికన్నా కష్టమైన చోటు. నేను ఆడియో-టెక్నికా వీఎం95 కార్ట్రిడ్జ్‌లో (ముల్లు కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) కోడిగుడ్డు ఆకారపు కొన ఉండే ఎలిప్టికల్ ముల్లు పీకి, అదే బాడీకి ఇంకా సన్నని అంచులుండే మైక్రోలైన్ ముల్లు తగిలించింది కేవలం ఆ ఆఖరి ఐదు నిమిషాల కోసం. ఈ సమీక్ష కూడా వాటి గురించే.

రికార్డు నిమిషానికి 33⅓ చుట్లే తిరిగినా, అంచున గాడి ముల్లు కింద సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు పరుగెడుతుంది. లేబుల్ దగ్గర, కేంద్రం నుంచి 60 మిల్లీమీటర్ల దూరంలో, ఆ వేగం 21కి పడిపోతుంది. 10 కిలోహెర్ట్జ్ శబ్దపు అల అంచున 51 మైక్రాన్ల పొడవుంటే, అక్కడ 21 మైక్రాన్లు. ఎలిప్టికల్ ముల్లు కొన పక్క అంచు వ్యాసార్థం సుమారు 8 మైక్రాన్లు. పెద్ద శబ్దాన్ని గాడిగా కోసిన చోట ఆ కుదించుకుపోయిన అల వంపుల్లోకి అది పూర్తిగా దిగలేదు. అందుకే 'స', 'ష'లు చీలి ఉమ్మినట్టు వినిపిస్తాయి, డ్రమ్ సెట్‌లోని సింబల్స్ తాళాలు ఇసుక రాలినట్టు అయిపోతాయి. మైక్రోలైన్ కొన అంచు 3 మైక్రాన్లు. పెట్టిన మొదటి వారమే టోరీ గొంతు పైస్థాయిలో కూడా ఒక మనిషి గొంతులాగే నిలిచింది. వైపు మొదటి పాటకూ ఆఖరి పాటకూ ఒకే గది, ఒకే గాలి. ఆంప్లిఫైయర్ మార్చినా, స్పీకర్లు మార్చినా ఇంత తేడా రాలేదు. ఇది మనస్ఫూర్తిగా చెబుతున్న మాట.

కొన్ని నెలలకు బొంగురు తిరిగి వచ్చింది. మొదట బీటిల్స్ 'సార్జెంట్ పెప్పర్స్' రెండో వైపు చివర, తర్వాత అన్ని రికార్డుల్లోనూ. రెండు చానళ్లలో ఒకే తీరుగా ఉంది కాబట్టి యాంటీ-స్కేటింగ్‌ను (ముల్లును మోసే చేయి, అంటే టోన్ఆర్మ్, లోపలికి జారకుండా ఆపే అమరికను) అనుమానించలేదు. అది తక్కువైతే టోన్ఆర్మ్ లోపలికి లాగి, బయటి గోడ మీద పట్టు తగ్గి, ముందు కుడి చానలే చెడుతుంది. డిజిటల్ తూకంలో ముల్లు మోపే బరువు సరిగ్గా 2.0 గ్రాములు. కార్ట్రిడ్జ్ కోణం చూసే ప్రొట్రాక్టర్ మీద రెండు బిందువుల దగ్గరా కార్ట్రిడ్జ్ నేరుగానే ఉంది. కంటికి దుమ్ము కుచ్చు ఏదీ కనబడలేదు. 60 రెట్ల భూతద్దంలో చూస్తే విషయం బయటపడింది: వజ్రపు కొన చుట్టూ గోధుమరంగు పెచ్చు, గోడల్ని తాకే సన్నని అంచుల్ని సరిగ్గా అక్కడే కప్పేసి.

ముల్లులో లోపమేమీ లేదు, అది పని బాగా చేయడం వల్లే ఇలా అవుతుంది. ఎలిప్టికల్ కన్నా ఇది గోడను పొడవుగా, లోతుగా తాకుతుంది. సెకండ్‌హ్యాండ్ రికార్డుల్లో దశాబ్దాలుగా పేరుకున్న జిడ్డు, పొగ, పాత క్లీనింగ్ ద్రావణాల అవశేషాలు పైకి లేచి, రాపిడి వేడికి కొన మీద గట్టిపడతాయి. బ్రష్ దూదిపింజల్నే తీస్తుంది, ఈ పెచ్చును కదపదు. ఆల్కహాల్ జోలికి పోకపోవడం మంచిది, వజ్రాన్ని పట్టి ఉంచే జిగురు వదులయ్యే ప్రమాదం ఉంది. పనిచేసింది మెలమైన్ స్పాంజ్. సెంటీమీటరు ముక్క కోసి, ఆగి ఉన్న ప్లాటర్ (రికార్డు తిరిగే పళ్లెం) మీద పెట్టి, టోన్ఆర్మ్‌ను ఎత్తి దించే క్యూ లీవర్‌తో ముల్లును నిటారుగా దింపి నిటారుగా లేపాలి. ఐదారుసార్లు చాలు. పక్కకు లాగితే కాంటిలీవర్ (కొనను మోసే సన్నని కడ్డీ) వంగిపోవచ్చు. తర్వాత వెనక నుంచి ముందుకు మెత్తటి బ్రష్‌తో ఒకసారి తుడిస్తే స్పాంజ్ పొడి పోతుంది. అప్పటికప్పుడు ఆఖరి పాట శుభ్రపడింది. ఇప్పుడు రెండు మూడు వైపులకోసారి ఇది తప్పడం లేదు. కొత్తగా వచ్చిన ప్రతి పాత రికార్డూ డిస్టిల్డ్ వాటర్‌లో కొద్ది చుక్కల వెటింగ్ ఏజెంట్‌తో (నీరు గాడిలోకి పాకేలా చేసే ద్రవం) కడిగి, మళ్లీ ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో జాడించాకే ప్లాటర్ ఎక్కుతుంది.

బిగింపు విషయంలో ఈ ముల్లు అస్సలు క్షమించదు. సన్నని అంచు కొద్దిగా మెలి తిరిగినా లాభమంతా పోతుంది. కార్ట్రిడ్జ్ కోణం అమర్చే పద్ధతుల్లో, బేర్‌వాల్డ్ లెక్కలో శూన్య బిందువులు (ముల్లు గాడికి సరిగ్గా వరసలో ఉండే చోట్లు) కేంద్రం నుంచి 66, 120.9 మిల్లీమీటర్లు, స్టీవెన్సన్ లెక్కలో 60.3, 117.4. ఆఖరి పాటల మీద మోజుతో స్టీవెన్సన్ వైపు మొగ్గే ముందు స్కేలు తీసుకుని మీ రికార్డులు కొలవండి. పద్దెనిమిది నిమిషాల రాక్ వైపులు చాలావరకు కేంద్రానికి 65 మిల్లీమీటర్ల దూరంలోకి రాకముందే ముగుస్తాయి, వాటికి బేర్‌వాల్డే మెరుగు. ఆల్‌మన్ బ్రదర్స్ 'ఎట్ ఫిల్మోర్ ఈస్ట్'లో 'విప్పింగ్ పోస్ట్' లాగా ఒక్క పాటే ఇరవై మూడు నిమిషాలు సాగే వైపులే ఎక్కువగా వినేవాళ్లకు మాత్రం స్టీవెన్సన్ ఆలోచించదగ్గది. స్క్రూలు చెరి అర చుట్టు మార్చి మార్చి బిగించాలి, లేకపోతే బిగింపులోనే బాడీ తిరిగిపోతుంది.

పైన టోరీ గొంతు గురించి అన్నది కాస్త సవరించుకుని చదవాలి. ముందు యజమాని బరువైన ముల్లుతో గోడల్ని చెక్కేసి ఉంటే దీనికి చేయగలిగింది తక్కువ. మునుపటి ముల్లు తాకని పైభాగమో కిందిభాగమో మిగిలి ఉంటే కొన్నిసార్లు ఆశ్చర్యంగా శుభ్రంగా పలుకుతుంది, అన్నిసార్లూ కాదు. భారీ బాస్ దగ్గర ముల్లు గాడిలో నిలవడం కొన ఆకారం పని కాదు, కాంటిలీవర్‌ను పట్టి ఉంచే సస్పెన్షన్ పని. అక్కడ తేడా ఏమీ లేదు.

బ్లూస్ దగ్గర ఉత్సాహం ఇంకొంచెం తగ్గింది. రాబర్ట్ జాన్సన్ పాటలు 1936, 37లలో రికార్డు చేసినవి. వాటిని 1961లో కొలంబియా ఎల్పీగా తెచ్చినప్పుడు నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డుల గరగర కూడా వాటితోపాటే వచ్చింది. పై ఫ్రీక్వెన్సీలే లేని చోట వాటిని బాగా చదివే ముల్లు ఏం చేస్తుంది? గరగరను ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది. 1958లో చెస్ సంస్థ తెచ్చిన మడ్డీ వాటర్స్ మోనో సంకలనం లాంటి వాటికి మోనో స్విచ్ నొక్కితే నిలువు దిశలో వచ్చే చప్పుడంతా రద్దవుతుంది, గొంతూ హార్మోనికా ముందుకు వస్తాయి. ఆ రికార్డులకు అదే బాడీకి గుండ్రని కొన ఉండే కోనికల్ ముల్లు తగిలించి వినడమే ఎక్కువ నచ్చింది. దానికీ బరువు 2 గ్రాములే కాబట్టి మార్పిడి నిమిషం పని.

నా అలమారలో ఎక్కువ భాగం 1967 నుంచి 75 వరకు వచ్చిన స్టీరియో రాక్, అదీ సెకండ్‌హ్యాండ్. రికార్డు కడగడం నాకు బరువనిపించదు. అలాంటివాళ్లకు ఇది పెట్టిన ప్రతి రూపాయికీ న్యాయం చేస్తుంది, పైగా తయారీదారు లెక్క ఎలిప్టికల్‌కు 300 గంటలైతే దీనికి 1000. కార్ట్రిడ్జ్ జరపడానికి వీల్లేని టర్న్‌టేబుల్ ఉన్నవాళ్లూ, మోనో బ్లూసే ప్రాణమైనవాళ్లూ ముందు ఉన్న ముల్లునే భూతద్దం కింద చూసి శుభ్రం చేసి వినండి. ఆఖరి పాట అప్పటికీ చీలుతుంటే అప్పుడు దీని గురించి ఆలోచించవచ్చు.