పెరట్లో ట్రెయిల్ కెమెరా: రాత్రి భేష్, మే ఎండలో కష్టం

వరంగల్ జిల్లా పాకాల చుట్టుపక్కల ఊళ్లలో పెరట్లోకొచ్చే ముంగిసలు, నెమళ్లను పట్టాలంటే 940 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ (చీకట్లో ఫొటోకి వాడే, కంటికి దాదాపు కనబడని వెలుగు) ట్రెయిల్ కెమెరానే కొనండి. జంతువు ఎదురుగా కదిలితే తనంతట తానే ఫొటో తీసే కెమెరా ఇది. 850 నానోమీటర్ల రకంలో ఎర్రటి వెలుగు కనబడి జంతువు బెదరొచ్చు. 940లో ఆ బెడద లేదు, కాకపోతే రాత్రి వెలుగు తక్కువ దూరమే పడుతుంది. నీళ్ల తొట్టికి 3 మీటర్ల దూరంలో, మోకాలెత్తున, ఉత్తరం వైపు చూసేట్టు కట్టాలి. ముందున్న గడ్డి కోసేయాలి. ఎండకు వేడెక్కిన గడ్డి గాలికి ఊగితే చాలు, కార్డంతా ఖాళీ ఫొటోలే.

అసలు లోపం ఎండాకాలంలో బయటపడుతుంది. కెమెరాలోని సెన్సర్ పట్టేది జంతువు ఒంటి వేడికీ చుట్టూ ఉన్న వేడికీ మధ్య తేడాను. వరంగల్ ఎండ 40 డిగ్రీలు దాటితే ఆ తేడా చెరిగిపోయి, నెమలి ఎదురుగా నడిచినా ఫొటో పడకపోవచ్చు. తెల్లవారుజామున మాత్రం చక్కగా పనిచేస్తుంది. ఎగిరే పాలపిట్ట రెక్కల నీలానికి ఇది చాలదు, దానికి పొడవాటి లెన్సే కావాలి.