కూరాకు సంచితో కొలిస్తే: మెట్ట ఊళ్ళకు స్త్రీశక్తి బస్సు

ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం కల్పిస్తూ 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం గురించి మాట్లాడేవారు ఎక్కువగా గుళ్ళకు, పుట్టిళ్ళకు వెళ్ళే ఆడవాళ్ళ రద్దీ గురించే మాట్లాడుతున్నారు. నెల్లూరు జిల్లా మెట్టలో, ఉదయగిరి వైపు, బస్సు రోడ్డుకు లోపలగా ఉన్న ఊరిలో కాపురముంటున్నదాన్ని కాబట్టి, నేను మాత్రం ఈ సేవను కూరాకు సంచితో కొలుస్తాను.

బియ్యానికి మా ఊళ్ళో పెద్ద ఇబ్బంది లేదు. 2013 నాటి ఆహార భద్రత చట్టం ప్రకారం మనిషికి నెలకు 5 కిలోల చొప్పున అందే బియ్యం 2023 జనవరి నుంచి ఉచితమే. 2021లో వీధుల్లోకి వచ్చిన రేషన్ బండ్లు 2025 జూన్ నుంచి ఆగిపోయి పంపిణీ మళ్ళీ చౌకదుకాణాలకు మారింది. 65 ఏళ్ళు దాటినవారికి, దివ్యాంగులకు ఇంటికే ఇచ్చే ఏర్పాటు చేశారు. బండి మేలా, దుకాణం మేలా అన్న వాదన ఎలా తేలినా, బియ్యం ఊళ్ళోకి వస్తుంది. కూరాకును తెచ్చే బాధ్యత మాత్రం ఎవరిదీ కాదు.

మైకు పెట్టుకుని తిరిగే ట్రాలీ ఆటోలో ఏముంటాయో చూస్తే సంగతి తెలిసిపోతుంది: ఉల్లిపాయలు, ఉర్లగడ్డలు, దోసకాయలు, గుమ్మడికాయలు. ఎండలో నాలుగూళ్ళు తిరిగినా చెడనివే మా దాకా వస్తాయి. తోటకూర, పాలకూర, మునగాకు ఆ ఆటోలో కనిపించవు. టమాటాలు వచ్చినా సాయంత్రానికి మెత్తబడి ఉంటాయి, ధరేమో టౌను కంటే ఎక్కువ. చేపల పులుసుకు పేరుమోసిన జిల్లా అయినా, కూలి దొరకని వారాల్లో మెట్ట ఇళ్ళలో మిగిలేది ఉత్త చింతపండు పులుసే. షుగరు వచ్చినవాళ్ళను అన్నం తగ్గించి కూర ఎక్కువ తినమని, రక్తం తక్కువగా ఉన్న గర్భిణులను ఆకుకూరలు తినమని డాక్టర్లు చెబుతారు. ఆ మాట పాటించాలంటే ముందు ఆత్మకూరు దాకా పోయిరావాలి.

ఇక్కడే ఈ పథకం నిజంగా పనికొచ్చింది. పల్లెవెలుగు మొదలుకుని ఎక్స్‌ప్రెస్ వరకు ఐదు రకాల బస్సుల్లో, ఆధార్ కార్డు చూపితే కండక్టరు సున్నా టికెట్టు కొట్టి ఇస్తారు. పూర్వం టౌనులో చవగ్గా కొన్నదాంట్లో మిగిలిన డబ్బు రానుపోను చార్జీలకే సరిపోయేది, అందుకే పింఛను రోజున తప్ప ఎవరూ కదిలేవారు కాదు. ఇప్పుడు మా వీధి ఆడవాళ్ళు వారం వారం వెళ్ళి, బీపీ మాత్రలు, కూరాకు ఒకే ప్రయాణంలో తెచ్చుకుంటున్నారు. తడి తువ్వాలులో చుట్టిన తోటకూర కట్ట ఇల్లు చేరేసరికి ఇంకా నిగనిగలాడుతుంటే, పథకం విలువ నాకు అందులో కనిపిస్తుంది. నెల్లూరు ఫతేఖాన్‌పేట రైతుబజారు ఇంతకన్నా చవకే కావచ్చు గాని, వారానికి సరిపడే సంచి కోసం అంత దూరం పోవడం దండగ.

అయితే టికెట్టు ఉచితం కావడం వేరు, బస్సు అందుబాటులో ఉండడం వేరు. రోడ్డు మీద దిగి ఊళ్ళోకి రావాలంటే షేర్ ఆటోకు డబ్బిచ్చుకోవాల్సిందే, లేదంటే సంచి నెత్తిన పెట్టుకుని నడవాల్సిందే. మోకాళ్ళ నొప్పులున్న ముసలమ్మకు ఆ చివరి దూరమే అన్నిటికన్నా కష్టం. ఉపాధి పనికి వెళ్ళేవారు పని ముగించుకుని వచ్చేసరికి టౌనుకు పోయిరావడానికి వేళ మిగలదు. భార్య పోయి ఒంటరిగా వండుకుతినే మగవారికి ఈ రాయితీ లేదు. అలాంటివాళ్ళు మా ఊళ్ళోనే కొందరున్నారు. నన్నడిగితే, కొత్త రాయితీలు ప్రకటించేకన్నా మధ్యాహ్నం దాటాక లోపలి ఊళ్ళ మీదుగా ఒక బస్సు తిప్పడం మేలు.

సంచితో వెళ్ళేవారికి నా సలహా: ఆధార్ కార్డు మరవకండి, తిరుగు బస్సును దారిలో కాకుండా బస్టాండులోనే ఎక్కండి, టమాటాలు ఆఖరున కొని సంచిలో పైన పెట్టుకోండి. నిలబడి రావాల్సి వస్తే కింద పెట్టిన సంచికి ఎవరి కాలైనా తగలక మానదు.