ఇ-రీడర్‌లో తెలుగు చదవడం: ఏళ్ల తరబడి వాడాక నా మాట

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఆరంగుళాల ఇ-ఇంక్ రీడర్ ఒకటి కొనుక్కున్నాను. పుస్తకాలు చదవడానికే చేసిన, కాగితంలాంటి తెర ఉన్న పరికరం అది. అప్పట్నుంచి అది నా బ్యాగులోంచి దిగలేదు. ఇంగ్లీషు పుస్తకాలు చదివేవాళ్లు ఇలాంటి వాటి గురించి బోలెడు రాశారు. నేను ఎక్కువగా చదివేది తెలుగు. దీనిలో తెలుగు అక్షరం ఎలా కనిపిస్తుంది, పాత పుస్తకాలు చదవొచ్చా, రోజూ వాడితే విసుగొస్తుందా అని కొనేముందు ఎంత వెతికినా సరైన జవాబు దొరకలేదు. అదే బెంగతో ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందే చెప్పాల్సింది ఒకటుంది. దీనిలో తెలుగు చదువు హాయిగా సాగాలంటే పరికరం కంటే ఫైలు ముఖ్యం. యూనికోడ్‌లో ఉన్న ఈపబ్ (తెరకి తగ్గట్టు అక్షరాలు సర్దుకునే ఇ-పుస్తకం ఫైలు) దొరికితే పండగే. పేజీల్ని ఫొటోల్లా స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే ఓపిక పట్టాలి.

నేనుండేది దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో, ఆఫీసు రాయదుర్గంలో. అమీర్‌పేటలో మెట్రో మారాలి. పొద్దున పూట సీటు దొరకడం అనేది ఉండదు. ఒక చేత్తో పైనున్న పట్టీ పట్టుకుని, రెండో చేత్తో రీడర్ పట్టుకుని, బొటనవేలితో పేజీ తిప్పేస్తాను. బరువు రెండొందల గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి చెయ్యి లాగదు. లావుపాటి నవలని అలా నిలబడి చదవడం నా వల్ల కాదు. మెట్రో వంతెన మీద పోతుంది కదా, కిటికీలోంచి ఎండ సూటిగా తెర మీద పడుతుంది. ఫోన్ అయితే చెయ్యి అడ్డం పెట్టుకోవాలి. ఇది ఎండలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. తెరలో కంటికి కనపడనంత చిన్న గుళికల్లో నల్లటి, తెల్లటి రేణువులుంటాయి. విద్యుత్తు తగిలినప్పుడు అవి పైకీ కిందికీ జరిగి అక్షరాలు ఏర్పడతాయి, మళ్లీ పేజీ మార్చేదాకా అలాగే ఉండిపోతాయి. వాటి మీద పడ్డ వెలుతురే మన కంటికి తిరిగొస్తుంది, కాగితం మీద అచ్చులాగే. పేజీ తిప్పినప్పుడు తప్ప తెరకి కరెంటు అక్కర్లేదు కాబట్టే ఛార్జింగ్ వారాల తరబడి వస్తుంది. చీకట్లో చదవడానికి తెర మీద వెలుతురు పడేలా ఇచ్చిన లైటు ఎక్కువ వాడినా, పీడీఎఫ్‌లు ఎక్కువ చదివినా మాత్రం తొందరగా దిగిపోతుంది.

అన్నిటికంటే నాకు ఇష్టమైంది, దీనిలో ఇంకేమీ లేకపోవడం. ఫోన్‌లో కథ తెరిస్తే రెండో పేజీకల్లా ఆఫీసు గ్రూపులో మెసేజ్ వస్తుంది, వేలు దానంతటదే అటు పోతుంది. కథ మధ్యలో ఆగిపోతే మళ్లీ ఆ గొంతులోకి వెళ్లడం కష్టం. ఇక్కడ ఆ టెన్షన్ లేదు. రాత్రి రూమ్‌మేట్లు లైటు ఆర్పేశాక కూడా పసుపు రంగు లైటు బాగా తగ్గించి పెట్టుకుని చదువుతాను. ఎవరి నిద్రా చెడదు. నా చదువులో సగం ఆ గంటలోనే జరుగుతుంది.

ఇక తెలుగు సంగతి. కొత్తలో పెట్టి చూసిన ఫైల్లో ‘శాస్త్రం’ అన్న మాట పొల్లులన్నీ విడివిడిగా ‘శాస్‌త్‌రం’ అన్నట్టు కనిపించింది. ఫాంటు సరైనది కాకపోయినా, లోపలి సాఫ్ట్‌వేర్‌కి ఒత్తులు కలపడం రాకపోయినా ఇలా అవుతుంది. చాలా రీడర్లలో మనకి నచ్చిన ఫాంటు వేసుకునే వీలుంది. సిలికానాంధ్ర పూనుకుని తెచ్చిన మండలి, సూరన్న లాంటివి ఉచితంగానే దొరుకుతాయి. ఎక్కువసేపు చదవడానికి నాకు మండలి బాగుంది. రామభద్ర శీర్షికలకి బాగుంటుంది గానీ పేజీలకి పేజీలు చదివితే కళ్లకి బరువు. దానితోపాటు వరసల మధ్య ఎడం పెంచాలి. ఇంగ్లీషుకి సరిపోయే ఎడం తెలుగుకి చాలదు, పై వరస ఒత్తులు కింది వరస గుడుల్ని తాకుతాయి. ఇంకో చిక్కు, అక్షరం కాస్త పెద్దది చేస్తే ఆరంగుళాల తెరలో వరసకి నాలుగైదు మాటలే పడతాయి. మన మాటలు పొడుగు మరి. దాంతో పేజీలు ఎక్కువసార్లు తిప్పాలి.

ఒక పెద్ద ఆన్‌లైన్ దుకాణం 2016లో ఐదు భారతీయ భాషల్లో ఇ-పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు అందులో తెలుగు లేదు. కొత్త తెలుగు పుస్తకం ఇవాళ్టికీ ఎక్కువగా కాగితం మీదే దొరుకుతుంది. ఇంతమంది చదువుతున్న భాషకి ఇది న్యాయం కాదు. పాత పుస్తకాల దగ్గర మాత్రం మనకి పెద్ద నిధి ఉంది. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్లకి రచనల మీద హక్కులు తీరిపోతాయి. అలాంటి పుస్తకాల్ని ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయమైన తెలుగు వికీసోర్స్‌లో ఔత్సాహికులు అక్షరం అక్షరం సరిచూసి పెడుతున్నారు. అక్కణ్నుంచి ఈపబ్‌గా దించుకోవచ్చు. కందుకూరి వీరేశలింగం స్వీయచరిత్రము నేను మెట్రోలో చదివింది అలాగే. దుకాణాల్లో వెతికితే దొరకని పుస్తకం, పైసా ఖర్చు లేకుండా, శుభ్రమైన అచ్చులో. ఆ పని చేస్తున్నవాళ్లకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

స్కాన్ పీడీఎఫ్‌లది వేరే కథ. మామూలు పుస్తకాల డెమ్మీ సైజు పేజీని ఆరంగుళాల తెరలో ఇరికిస్తే అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి. నేను చేసేదేమిటంటే, అంచులు కత్తిరించి, తెరని అడ్డంగా తిప్పి, పేజీని రెండు ముక్కలుగా చదవడం. కోరీడర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇది తేలిక. స్కాన్‌లోని మాటల్ని విడదీసి మళ్లీ పేర్చే సదుపాయం కూడా అందులో ఉంది గానీ, ఇరుకు అచ్చున్న పాత తెలుగు పుస్తకాలకి అది పనికిరాలేదు. ఒత్తుల్ని కోసేసి వేరే వరసలో పడేస్తుంది. ఫైళ్లు మార్చుకోవడానికి, సర్దుకోవడానికి కంప్యూటర్లో క్యాలిబర్ అనే సాఫ్ట్‌వేర్ వాడతాను. 2006లో దాన్ని మొదలుపెట్టింది కోవిద్ గోయల్ అనే భారతీయుడు. అదీ ఉచితమే.

అర్థం తెలియని మాట తగిలితే నొక్కి చూసుకునే సుఖం ఇంగ్లీషులో ఉన్నంత తెలుగులో లేదు. మన మాటలు ప్రత్యయాలతో అతుక్కుని ఉంటాయి కాబట్టి నిఘంటువులో ఉన్న రూపం పేజీలో ఉండదు. ఫోన్ తీసి ఆంధ్రభారతి అనే ఆన్‌లైన్ నిఘంటువులో వెతుక్కుంటాను. గ్రాంథికం చదివేటప్పుడు ఇది తరచూ అవసరమవుతుంది.

పండక్కి ఊరెళ్లినప్పుడు నాన్నకి ఇచ్చాను. కంటి ఆపరేషన్ అయ్యాక ఆయన పేపరు తప్ప పుస్తకాలు పట్టుకోవడం మానేశారు. అక్షరాలు బాగా పెద్దవి చేసి ఒక కథ తెరిచిపెట్టాను. పేజీ ఎలా తిప్పాలో చూపిస్తే, కొంచెంసేపు వేలు ఎక్కడ పెట్టాలో తెలియక తెరంతా తడిమారు. తర్వాత అరుగు మీద కూర్చుని కథంతా చదివేసి, “ఇంకోటి పెట్టమ్మా” అన్నారు. ఆ సాయంత్రం నాకు చదవడానికి రీడర్ లేదు. ఇది ఇంట్లో పెద్దవాళ్లకి ఎంత పనికొస్తుందో ఎవరూ రాయగా నేను చూడలేదు.

కాగితం కొనడం ఆపానా? ఆపలేదు. ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంట్ల మీద పాత పుస్తకాలు తిరగేయడం, డిసెంబరు బుక్ ఫెయిర్‌లో మోసుకురావడం మామూలే. కవిత్వం నేను కాగితం మీదే చదువుతాను. పాదం ఎక్కడ విరగాలో కవి అనుకున్న చోట ఈ చిన్న తెరలో విరగదు. స్నేహితురాలికి పుస్తకం అరువివ్వడం, అందులో ఆమె పెన్సిల్ గీతలు చూడటం కూడా దీనిలో లేదు. నవలలు, ఆత్మకథలు, వ్యాసాలు మాత్రం దీనిలోకే వచ్చేశాయి. హాస్టల్ మంచం కింద అట్టపెట్టెల్లో ఇంక చోటు లేదు కూడా.

ఇప్పుడు కొనేవాళ్లకి నేను చెప్పేది, బడ్జెట్ ఉంటే ఆరంగుళాలు వద్దు, ఏడెనిమిది అంగుళాల మధ్య చూడండి. తెలుగుకి ఆ వెడల్పు కావాలి, స్కాన్లకీ కావాలి. బయటి ఫాంట్లు వేసుకునే వీలు ఉందో లేదో కనుక్కోండి. ఎవరి దగ్గరైనా ఆ మోడల్ ఉంటే ఒక తెలుగు ఈపబ్ అందులోకి ఎక్కించి, ‘శాస్త్రం’, ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ లాంటి మాటలు సరిగ్గా వస్తున్నాయో లేదో చూశాకే డబ్బు పెట్టండి.