వింత చార్టులను ఎలా వర్గీకరిస్తే మేలు: ఆకారమా, అవసరమా, నిర్మాణమా?

చార్టుల పేర్లు నేర్చుకుంటూ పోతే అంతు దొరకదు. బార్, లైన్, పై (pie) దాటగానే వయొలిన్, శాంకీ, స్ట్రీమ్‌గ్రాఫ్, బీస్వార్మ్, రిడ్జ్‌లైన్ అంటూ వరస కడతాయి. పేర్లన్నీ నోటికొచ్చినా ఎప్పుడు ఏది వాడాలో మాత్రం తేలదు. అందుకే వాటిని ఏదో ఒక పద్ధతిలో వర్గాలుగా విడగొడతారు. చార్టు చూడ్డానికి ఎలా ఉందో చూసి విడగొట్టడం ఒక పద్ధతి. అది దేనికి పనికొస్తుందో చూడటం రెండోది. లోపల దాన్ని ఎలా కట్టారో చూడటం మూడోది. మామూలు బార్ చార్టు విషయంలో మూడూ ఒకే జవాబు చెబుతాయి. తేడా బయటపడేది వింత చార్టు ఎదురైనప్పుడే.

ఆకారం సంగతి త్వరగా తేల్చేయొచ్చు. స్ప్రెడ్‌షీట్ సాఫ్ట్‌వేర్ మెనూల్లో కనిపించేది ఎక్కువగా ఇదే: నిలువు పట్టీలు ఒకచోట, గీతలు ఒకచోట, గుండ్రటివి ఒకచోట. పేరు ముందే తెలిస్తే వెతుక్కోవడం సులువు. అంతకు మించి దీన్ని నమ్ముకుంటే దారి తప్పుతాం.

ఉదాహరణకు ఫ్లోరెన్స్ నైటింగేల్ 1858లో ప్రచురించిన చిత్రం చూడండి. క్రిమియా యుద్ధంలో బ్రిటిష్ సైనికులు ఏ నెలలో ఏ కారణంగా ఎంతమంది చనిపోయారో చూపించే చిత్రం అది. ఏడాదికో పువ్వు, నెలకో రెక్క, మొత్తం పన్నెండు రెక్కలు. నివారించగలిగిన రోగాలకు నీలం, గాయాలకు ఎరుపు, మిగతా కారణాలకు నలుపు. గుండ్రంగా ఉంది కాబట్టి ఆకారం లెక్కన పై (pie) చార్టు జతలో వేసేస్తాం. కానీ రెండింటికీ పోలికే లేదు. పై (pie) చార్టులో విలువను చెప్పేది కోణం. ఇక్కడ అన్ని రెక్కల కోణమూ 30 డిగ్రీలే. విలువ ఉన్నది రంగు పరుచుకున్న వైశాల్యంలో. పైగా ఈ పువ్వు మొత్తాన్ని ముక్కలు చేసి చూపించడం లేదు, నెలనెలా మార్పును చూపిస్తోంది.

అవసరాన్ని బట్టి వర్గీకరిస్తే ఈ పొరపాటు జరగదు. ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక తయారుచేసిన ‘విజువల్ వొకాబ్యులరీ’ ఈ తరహాదే. ర్యాంకింగ్, పంపిణీ (విలువలు ఎక్కడెక్కడ ఎంతెంత పరుచుకున్నాయో), కాలంతో మార్పు, మొత్తంలో భాగం, ప్రవాహం వంటి తొమ్మిది వర్గాలు అందులో ఉన్నాయి. చెప్పాల్సింది ఏమిటో ముందు తేల్చుకుని, ఆ వర్గపు అరలోంచి చార్టు తీసుకోవాలి. గడువు దగ్గరపడి టెన్షన్‌లో ఉన్నవాడికి ఇంతకన్నా మంచి సాయం లేదు.

దీనికీ రెండు చిక్కులున్నాయి. మొదటిది, ఒకే చార్టు నాలుగైదు అరల్లోకి వెళ్తుంది. నెపోలియన్ రష్యా దండయాత్రపై 1869లో ఫ్రెంచ్ ఇంజనీర్ మినార్డ్ గీసిన చిత్రంలో సైన్యం సంఖ్య, నడిచిన దారి, నడిచిన దిశ, తిరుగు ప్రయాణంలో చలి, తేదీలు అన్నీ ఉన్నాయి. 4,22,000 మందితో మొదలైన పట్టీ చివరికి 10,000 దగ్గర దారంలా మిగులుతుంది. అది మ్యాపా, ప్రవాహమా, కాలరేఖా? మూడూను.

రెండో చిక్కు ఇంకా పెద్దది. సరైన అర తెరిచినా లోపల ఏది తీసుకోవాలో ఈ పద్ధతి సరిగ్గా చెప్పదు. ‘పంపిణీ’ అరలో బాక్స్ ప్లాట్, వయొలిన్, బీస్వార్మ్, రిడ్జ్‌లైన్ అన్నీ కలిసే ఉంటాయి. బాక్స్ ప్లాట్ డేటాను ఐదు అంకెలకు (కనిష్ఠం, మధ్య విలువ, గరిష్ఠం వంటివి) కుదిస్తుంది, కాబట్టి రెండు గుంపులుగా విడిపోయిన డేటా కూడా అందులో ఒకే పెట్టెలా కనిపిస్తుంది. విలువలు ఎక్కువున్న చోట ఉబ్బి, తక్కువున్న చోట సన్నబడే వయొలిన్ ఆ రెండు గుంపులనూ రెండు ఉబ్బులుగా చూపిస్తుంది. అయితే దాని అంచు అసలు డేటా కాదు, లెక్కగట్టి నునుపు చేసిన గీత. పది విలువలకు వయొలిన్ గీస్తే ఎంతో డేటా ఉన్నట్టు భ్రమ పుట్టిస్తుంది. ఎదురుచూసిన నిమిషాలకు గీసిన వయొలిన్ తోక సున్నా కిందికి దిగడం నేను చాలాసార్లు చూశాను. మైనస్ మూడు నిమిషాలు ఎవరు ఎదురుచూస్తారు? బీస్వార్మ్‌లో ఈ బెడద లేదు. ఒక విలువకు ఒక చుక్క, ఉన్నదున్నట్టు. కాకపోతే చుక్కలు వేలల్లోకి వెళ్తే చోటు చాలదు. గుంపులు పదీ ఇరవై ఉంటే, ఒక్కో గుంపునూ ఒక కొండలా గీసి ఒకదాని కింద ఒకటి పేర్చే రిడ్జ్‌లైన్ మేలు. ఏ కొండ ఎటు జరిగిందో ఒక్క చూపులో తెలుస్తుంది, ఎత్తులను మాత్రం పోల్చడానికి వీలుండదు.

ఇవన్నీ చెప్పగలిగింది మూడో పద్ధతి వల్లే. ప్రతి చార్టునూ చుక్క, గీత, పట్టీ వంటి గుర్తులుగా, ఆ గుర్తులను నడిపించే విలువలుగా విప్పి చూడటమే ఈ పద్ధతి. ఫ్రెంచ్ పటకర్త జాక్ బెర్టిన్ 1967లో స్థానం, పరిమాణం, రంగు, ఆకారం వంటి దృశ్య లక్షణాలను విడదీసి చూపించాడు. 1999లో గణాంక నిపుణుడు లీలండ్ విల్కిన్సన్ దీన్ని చార్టులు కట్టే నియమాల పూర్తి వ్యాకరణంగా మలిచాడు. ఆర్ (R) అనే ప్రోగ్రామింగ్ భాషలో డేటా పని చేసేవాళ్లకు తెలిసిన చార్టుల సాధనం జీజీప్లాట్2 (ggplot2) దాని మీద కట్టిందే. ఈ లెక్కలో పై (pie) చార్టు వేరే జాతి కాదు, ఒకే ఒక్క పేర్చిన బార్‌ను గుండ్రంగా వంచితే వచ్చేది. నైటింగేల్ పువ్వు కూడా బార్ చార్టే, వృత్తం చుట్టూ పేర్చింది. అంతే కాదు, ఎక్కడ మోసపోతామో కూడా ఇది పట్టిస్తుంది. అలాంటి పువ్వులో విలువ రెట్టింపైందని వ్యాసార్థాన్నీ రెట్టింపు చేస్తే వైశాల్యం నాలుగింతలవుతుంది. వర్గమూలం తీసి గీయాలి. చాలామంది మర్చిపోయేది ఇదే.

మంచిచెడ్డలు తేల్చడానికి కొలబద్ద కూడా ఉంది. ఒకే స్కేలు మీద ఉన్న స్థానాలను మన కన్ను బాగా పోల్చగలదని, పొడవు, కోణం ఆ తర్వాతేనని, వైశాల్యం ఇంకా వెనకని, రంగు గాఢత చివరిదని గణాంక నిపుణులు క్లీవ్‌లండ్, మెక్‌గిల్ 1984లో ప్రతిపాదించారు, వాటిలో స్థానం, పొడవు, కోణాలను ప్రయోగాలతో పరీక్షించారు. రెండు తేదీల మధ్య మార్పు చూపే స్లోప్ చార్టు కొత్తగా కనిపించినా గట్టిది, ఎందుకంటే స్థానం మీదే నిలబడింది. కాలంతో పాటు ఉబ్బి తగ్గే పొరలను ఒకదాని మీద ఒకటి పేర్చే స్ట్రీమ్‌గ్రాఫ్ అందంగా ఉన్నా బలహీనం. దానికి స్థిరమైన అడుగు గీత ఉండదు, ఒక్కో పొర మందాన్ని గాల్లో అంచనా వేయాలి. 1973లో గణాంక నిపుణుడు హెర్మన్ చెర్నాఫ్ డేటాను కళ్లు, ముక్కు, నోరుగా మార్చి మనిషి ముఖాలు గీశాడు. సరదాగానే ఉంటాయి గానీ, ఏ కాలమ్‌కు నవ్వు ఇస్తే దానికే బలం వస్తుంది.

అయితే ఈ వ్యాకరణం ‘ఏం గీయాలి’ అన్న ప్రశ్నకు జవాబివ్వదు. కొత్తవాళ్లకు నేరుగా దీన్నే అప్పజెబితే బెదిరిపోతారు కూడా. నా మట్టుకు నేను అర తెరవడానికి అవసరాన్నీ, లోపల ఎంచుకోవడానికి నిర్మాణాన్నీ వాడతాను. ఆకారం పేర్లు వెతుక్కోవడానికి చాలు. ఎప్పుడూ చూడని చార్టు ముందుకొస్తే మాత్రం నిర్మాణానికే నా ఓటు. ఒక గుర్తు దేనికి సంకేతం? దాని స్థానం, పొడవు, రంగు దేన్ని బట్టి మారుతున్నాయి? ఏది ఊరికే అలా పడింది?

ఈ చివరి ప్రశ్న, ఒకదానితో ఒకటి సంబంధమున్నవాటిని చుక్కలుగా వేసి గీతలతో కలిపే నెట్‌వర్క్ చార్టు దగ్గర బాగా పనికొస్తుంది. సాధారణంగా వాడే అమరికల్లో చుక్క ఎక్కడ పడుతుందో సాఫ్ట్‌వేర్ ఇష్టం, మళ్లీ గీయిస్తే మారిపోవచ్చు కూడా. చూసేవాళ్లేమో మధ్యలో ఉన్నదే ముఖ్యమనుకుంటారు. చుక్కలు ఇరవై దాటి గీతలు దట్టంగా అల్లుకుంటే, అదే డేటాను గళ్ల మ్యాట్రిక్స్‌గా (అడ్డంగా, నిలువుగా పేర్లు వేసి, సంబంధమున్న గడిని నింపే పట్టికగా) వేయడం మేలు. ఒక చుక్క నుంచి ఇంకోదానికి దారి వెతకాల్సిన పని ఉంటే మాత్రం అప్పటికీ నెట్‌వర్కే నయం.