చిన్న గ్లూ గన్: చేతితో గిఫ్టులు చేసేవాళ్లకు సరిపోతుందా?

అక్క పెళ్లిరోజుకు ఫొటో ఫ్రేమ్, చుట్టూ కాగితం పూలు చేద్దామని ఈ 20 వాట్ల గ్లూ గన్ (జిగురు కడ్డీని వేడితో కరిగించి మూతి నుంచి వదిలే పరికరం) కొన్నాను. 7 మి.మీ. మందం జిగురు స్టిక్స్ పడతాయి. 11 మి.మీ.వి ఇందులో దూరవు, కొనేముందు చూసుకోండి.

ప్లగ్ పెట్టిన ఐదు నిమిషాలకు జిగురు కరుగుతుంది. కాగితం, అట్ట, బట్ట, చెక్క... వీటి మీద పట్టు బ్రహ్మాండం. నిమిషంలోపే గట్టిపడుతుంది కాబట్టి పూరేకులు ఒక్కొక్కటీ పట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఫెవికాల్‌తో నాకు అంత ఓపిక ఉండదు!

గాజు, నున్నటి లోహం మీద మాత్రం నమ్మలేం. కొన్నాళ్లకు పొరలా ఊడొస్తుంది. థర్మోకోల్ అయితే వేడికి కరిగి గుంట పడుతుంది, జిగురు కాస్త చల్లారాక అంటించాలి. ఎండలో ఆగిన కారులో వేలాడే బొమ్మలకు అసలు వద్దు, జిగురు మెత్తబడిపోతుంది.

అసలు చిరాకు దీని స్టాండే. సన్నటి తీగ, గన్ పక్కకు ఒరిగిపోతుంది. ట్రిగ్గర్ వదిలినా మూతి నుంచి కారుతూనే ఉంటుంది, కింద సిలికాన్ మ్యాట్ తప్పనిసరి. సాలెగూడులాంటి దారాలు మిగిలితే హెయిర్ డ్రయర్ వేడిగాలి కొట్టండి, పోతాయి. తప్పుగా అంటుకున్నది ఊడదీయాలంటే అంచున రెండు చుక్కల ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (ఒక రకం స్పిరిట్) వేస్తే చాలు.

పిల్లల చేతికి ఒంటరిగా ఇవ్వకండి, మూతి బాగా కాలుతుంది. ఐదుకు మూడున్నర ఇస్తాను. ఆ సగం కోత స్టాండుకే.